ఇంటికి కొలత ఏది?



ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అని మన పెద్దలు ఊరికే అనలేదు. రెండింటిలోనూ చేతిలో డబ్బు నిలవదు. అయితే ఈ సామెత ఖర్చు గురించి హెచ్చరిస్తుందే గాని, అసలు ఎంత ఇల్లు కట్టుకోవాలో చెప్పదు. ఆ జవాబు మనమే వెతుక్కోవాలి.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ ఊరు వెళ్లినా ఇప్పుడు రెండు రకాల ఇళ్లు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి, ఆరుగురు మనుషులు ఒకే గదిలో సర్దుకుని పడుకునే ఇల్లు. రెండోది, రెండంతస్తులు లేచి, రంగులు వేసి, తాళం పెట్టి ఉన్న ఇల్లు. దాని యజమాని హైదరాబాదులోనో చెన్నైలోనో ఇరుకు అద్దె గదిలో కాలం గడుపుతుంటాడు. మొదటిది చాలని ఇల్లు, రెండోది మిగిలిపోయిన ఇల్లు. ఈ రెంటికీ మధ్య సరిపోయే ఇల్లు ఎలా ఉంటుంది? కుటుంబం ఒక దశ నుండి మరొక దశకు నడిచేటప్పుడు దాని కొలత ఎలా మారుతుంది? ఈ వారం పాఠం దీని మీదనే.

గృహాశీర్వాదానికి పిలిచినప్పుడు చాలామంది మాకు ముందుగా చెప్పే సంగతి ఎన్ని గదులు, ఎంత సిమెంటు, ఎన్ని లక్షలు అని. ఏ గదిలో ఎవరు పడుకుంటారో చెప్పేవారు తక్కువ. నిజానికి ఇంటి కొలత తెలుసుకోవడానికి ముందు అడగవలసిన ప్రశ్న అదే.

1. ఇల్లు దేనికోసం?

గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ తన 'రాజనీతి' గ్రంథం మొదటి భాగంలో సంపదను గురించి ఒక చక్కని తర్కం చూపాడు. ఇంటి సామాను, సంపద అన్నీ బ్రతుకు బాగుగా సాగడానికి పనిముట్లు. ఏ పనిముట్టుకైనా ఒక హద్దు ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే, కొడవలి బెత్తెడు ఉంటే పిడికిట్లోకి వరి చిక్కదు, బారెడు ఉంటే కోసేవాడి కాలే తెగుతుంది. కొడవలికి సరైన కొలత చెప్పేది కమ్మరి కాదు, కోత. పునీత తోమాసు అక్వినాసు కూడా ఈ దారినే నడిచి, ఒక గమ్యం కోసం ఉన్న వస్తువుకు ఆ గమ్యమే కొలమానం అని నేర్పాడు.

అయితే ఇంటి గమ్యం ఏమిటి? ఎండావానల నుండి కాపాడటం ఒక్కటేనా? అంతమాత్రమే అయితే పశువుల శాలకూ ఇంటికీ తేడా లేదు. భార్యాభర్తలు ఏకాంతంగా మాట్లాడుకోవాలి. పిల్లలు పెరగాలి, చదువుకోవాలి. జబ్బుపడ్డవారు మర్యాదగా మంచం పట్టాలి. ముసలివారు భయం లేకుండా నడవాలి. సాయంత్రం అందరూ మోకరించి జపమాల చెప్పుకునేంత జాగా ఉండాలి. గుమ్మం దగ్గరకు వచ్చిన చుట్టానికి చాప పరచగలగాలి. కుటుంబం ఒక చిన్న శ్రీసభ అని రెండవ వాటికను మహాసభ నేర్పింది కదా! ఆ చిన్న శ్రీసభకు కావలసిన చోటే ఇల్లు.

1983లో పరిశుద్ధ పీఠం ప్రకటించిన 'కుటుంబ హక్కుల పత్రం' 11వ అధికరణం ఈ విషయం సూటిగా చెప్పింది. ప్రతి కుటుంబానికీ గౌరవప్రదమైన నివాసం హక్కు. ఆ నివాసం కుటుంబ జీవితానికి తగినదిగా, కుటుంబంలోని మనుషుల సంఖ్యకు సరిపోయేదిగా ఉండాలి అని దాని సారాంశం. గమనించండి. హోదాకు సరిపోయేదిగా అనలేదు, వీధిలోని ఎదురింటికి పోటీగా అనలేదు. మనుషుల సంఖ్యకు అన్నది. ఇంటికి కొలత మనుషులే అన్నమాట. మనుషుల సంఖ్య, వారి వయసు మారుతూ ఉంటాయి కాబట్టి సరైన కొలత కూడా మారుతూనే ఉంటుంది.

2. మన పాత ఇళ్లు నేర్పే పాఠం

ఈ సంగతి మన తాతలకు పుస్తకాలు చదవకుండానే తెలుసు. మన సముద్రతీర గ్రామాల్లో చుట్టిళ్లు ఉండేవి; ఇప్పటికీ అక్కడక్కడ కనిపిస్తాయి. గుండ్రని మట్టిగోడ, దాని మీద దాదాపు నేల దాకా దిగిన తాటాకు కప్పు. తుఫాను గాలికి మూల దొరకదు, గాలి చుట్టూ తిరిగి జారిపోతుంది. ఒక కుటుంబానికి ఒక చుట్టిల్లు. కొడుక్కి పెళ్లయితే పక్కన మరొకటి లేచేది.

లోపలి పల్లెల్లో గోడకు గోడ కలిసిన వరుస ఇళ్లు. ముందు అరుగు, తరువాత వసారా, నడిమి ఇల్లు, వెనుక వంటిల్లు, పెరడు. సంతానం పెరిగితే పెరటివైపు ఒక పాక దిగేది. అన్నదమ్ములు వేరుపడితే మధ్యలో గోడ లేచేది. ముసలివారు అరుగు మీదికి, వసారాలోకి వచ్చేవారు. పగలంతా వీధి వారికి కబురు చెప్పేది. ఇల్లు కుటుంబంతో పాటు పెరిగేది, విడిపోయేది, తగ్గేది.

ఇలా అన్నంత మాత్రాన తాటాకు ఇంటిని ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. వేసవిలో ఒక్క నిప్పురవ్వ వీధినంతా బూడిద చేసిన ఊళ్లు మనకు తెలుసు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫానులు వచ్చినప్పుడు పాకలో ఉన్నవాడి గుండె ఎలా కొట్టుకున్నదో ఉద్దానం ప్రజలను అడగాలి. కొబ్బరి, జీడిమామిడి తోటలు కళ్లముందే నేలకూలిన ఆ రాత్రి గట్టి కప్పు విలువ అందరికీ తెలిసివచ్చింది. పక్కా ఇల్లు కావలసిందే. కాని శ్లాబు ఇల్లు ఒకసారి పోస్తే మారడం కష్టం. పాక దించినంత సులువుగా గదిని తీసివేయలేం, కలపలేం. కనుక పాత ఇల్లు తనంతట తాను చేసిన పనిని ఇప్పుడు మనం కాగితం మీద గీత గీసేటప్పుడే చేయాలి. రాబోయే నలభై ఏళ్లలో ఈ ఇంట్లో ఎవరెవరు ఉంటారు అని ముందుగా ఆలోచించాలి.

3. నాలుగు దశలు

మొదటి దశ: కొత్త జంట

కొత్తగా పెళ్లయినవారికి కావలసింది పెద్ద ఇల్లు కాదు, మూసుకునే తలుపు. పెళ్లయిన వాడిని ఒక ఏడాదిపాటు యుద్ధానికి పంపరాదని, ఇంటివద్ద ఉండి భార్యను సంతోషపెట్టాలని ద్వితీయోపదేశకాండం (24:5) శాసించింది. దాంపత్యం కుదురుకోవడానికి కాలం, చోటు రెండూ కావాలని దేవుని ధర్మశాస్త్రానికి తెలుసు. మన ఇళ్లలో ఎందరో అత్తమామలు ఉన్న ఒక్క గదీ కొడుకూ కోడళ్లకు వదిలి, తాము వసారాలో చాప వేసుకున్నారు. అది గొప్ప దయ. కాని ఆ వసారాకు తడిక, ఒక దీపం, చలికాలంలో అడ్డుతెర పెట్టించడం కొడుకు బాధ్యత అని మరువరాదు.

ఉద్యోగరీత్యా ఊళ్లు తిరిగేవారు, కాపురం మొదలుపెట్టినవారు అద్దె ఇంట్లో ఉండటం చిన్నతనంగా భావిస్తారు. పునీత పౌలు రోమాపురిలో రెండు సంవత్సరాలు అద్దె ఇంట్లోనే ఉండి, వచ్చినవారందరికీ సువార్త చెప్పాడు (అపొ. కా. 28:30). ఏ ఊళ్లో స్థిరపడతామో, ఎందరు పిల్లలు కలుగుతారో తెలియని వయసులో, అప్పు చేసి నాలుగు గదుల ఇల్లు కట్టడం కంటే రెండు గదుల అద్దె ఇల్లు తెలివైన పని.

రెండవ దశ: పిల్లలు పెరిగే కాలం

ఇల్లు అన్నిటికన్నా ఇరుకయ్యేది ఈ దశలోనే. పసిపిల్లలు తల్లి పక్కన పడుకుంటారు. పదేళ్లు దాటిన ఆడపిల్లకు, మగపిల్లవాడికి వేరువేరు చోటు కావాలి. బట్టలు మార్చుకోవడానికి మరుగు కావాలి. పదో తరగతి చదివే బిడ్డకు టీవీ శబ్దం లేని మూల, ఒక లైటు కావాలి. ఇక్కడ గదుల సంఖ్య కంటే వాటి వరుస ముఖ్యం. డబ్బు తక్కువైతే ముందు మరుగుదొడ్డి, తరువాత పొగ బయటికి పోయే వంటిల్లు, ఆ తరువాతే హాలు. మన వాళ్లు తరచు దీన్ని తలకిందులు చేస్తారు. వీధికి కనిపించే హాలుకు టైల్సు పరచి, ఎదిగిన పిల్లను చెంబు పట్టుకుని చీకట్లో చెరువుగట్టుకు పంపిన ఇల్లు పెద్ద ఇల్లా, చిన్న ఇల్లా? మీరే చెప్పండి.

ప్రభుత్వ ఇళ్ల సంగతి కూడా చూద్దాం. కేంద్ర ప్రభుత్వం 2016లో గ్రామీణ ఆవాస్ పథకాన్ని మార్చినప్పుడు ఇంటి కనీస వైశాల్యాన్ని 20 చదరపు మీటర్ల నుండి 25కు, అంటే సుమారు 269 చదరపు అడుగులకు పెంచింది. మన రాష్ట్రంలో 2020 డిసెంబరులో పంచిన స్థలాలు పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో ఒక సెంటు. ఆ కాలనీల్లో ఇల్లు 340 చదరపు అడుగులు. విజయనగరం పక్కన గుంకలాంలో వేసిన పెద్ద కాలనీ అలాంటిదే. తరువాత 2025లో పల్లెల్లో మూడు సెంట్లు, పట్టణాల్లో రెండు సెంట్లు ఇవ్వాలని ప్రభుత్వం నిర్ణయించింది.

రాజకీయాలు పక్కన పెట్టి లెక్క మాత్రం చూడండి. సెంటు అంటే 48.4 చదరపు గజాలు, సుమారు 436 చదరపు అడుగులు. సెంటున్నర అంటే 653 అడుగులు. అందులో 340 అడుగుల ఇల్లు పోగా మిగిలేది 313. చుట్టూ గాలికి, దారికి వదిలితే మరో గదికి నేల మీద చోటు దొరకడం కష్టం. పెరగాలంటే పైకే పెరగాలి. కనుక సెంటున్నరలో కట్టేవారు మొదటి రోజునే ఇంజనీరును అడిగి, పై అంతస్తు బరువును మోయగల పునాది, స్తంభాలు వేయించుకోవాలి. మెట్లు బయటి నుండి పెట్టించాలి. అప్పుడు రేపు పై గది అద్దెకు ఇవ్వవచ్చు, లేదా కొడుకు కాపురం పెట్టవచ్చు. పైకి వదిలిన చువ్వలకు సిమెంటు పాలు పూసి కప్పాలి. లేకుంటే మన సముద్రపు గాలికి అవి తుప్పుపట్టి, తీరా కట్టే నాటికి పనికిరావు. మూడు సెంట్లు, అంటే సుమారు 1,307 అడుగులు ఉన్నవారికి తొందర లేదు. ఒక మూలకు ఇల్లు కట్టి, మరొక గదికి నేల విడిచిపెట్టుకోవచ్చు. ఇప్పుడు చిన్నదిగా కట్టి రేపటికి దారి ఉంచుకోవడమే ఈ దశకు తగిన జ్ఞానం.

గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని ప్రభువు అడిగాడు (లూకా 14:28-30). పునాది వేసి ఆపినవాడిని చూసి లోకం నవ్వుతుందని కూడా చెప్పాడు. స్తంభాలు లేపి పదేళ్లుగా ఆగిపోయిన ఇళ్లు మన ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. నవ్వులు ఎలా ఉన్నా, ఆ మొండి స్తంభాల కింద వడ్డీ మాత్రం ఆగదు.

మూడవ దశ: పిల్లలు రెక్కలొచ్చి వెళ్లాక

మన జిల్లాలు వలసల జిల్లాలు. కట్టుబడి పనికి హైదరాబాదు, చెన్నై. చేపల వేటకు గుజరాత్ తీరం. చదువుకున్న పిల్లలు బెంగళూరు, విశాఖపట్నం. బిడ్డ పంపిన డబ్బుతో తండ్రి సొంత ఊళ్లో ఇల్లు మొదలుపెడతాడు. ముగ్గురు కొడుకులైతే మూడు వాటాలు. ఉద్దేశం మంచిదే, పిల్లలు తిరిగి వస్తారన్న ఆశ అది. కాని ఆ పిల్లల పిల్లలు అక్కడి బడుల్లో చేరాక తిరిగి రావడం సంక్రాంతి నాలుగు రోజులకే పరిమితమవుతుంది. మూడు వందల అరవై రోజులు ఇద్దరు ముసలివాళ్లు ఆరు గదులు తుడవాలి. వాడని గదిలో చెద, చెమ్మ, గబ్బిలాలు కాపురం పెడతాయి. పన్ను మాత్రం కట్టాలి.

పంట ఎక్కువైతే కొట్లు పడగొట్టి పెద్దవి కట్టుకుంటానన్న ధనికుని ఉపమానం మీకు తెలుసు (లూకా 12:16-21). ఆ మనిషి ఎవరినీ దోచుకోలేదు. అతని లెక్కలో తాను, తన కొట్లు తప్ప మరొక మనిషి లేడు. అదే అతని వెర్రితనం.

కనుక ఈ దశలో ఉన్నవారికి నా మనవి. నాలుగు రోజుల పండుగ కోసం నలభై ఏళ్ల ఇల్లు కట్టకండి. పండుగనాడు డాబా మీద చాపలు వేసుకుని మనుమలు పడుకుంటే వారికి అదే జీవితమంతా జ్ఞాపకం. పిల్లలు నిజంగా తిరిగి వస్తామంటే నేల విడిచి ఉంచండి, వచ్చినప్పుడు వారే కట్టుకుంటారు. ఇప్పటికే పెద్ద ఇల్లు కట్టి ఉంటే ఒక వాటా బడి ఉపాధ్యాయురాలికో, నర్సుకో అద్దెకు ఇవ్వండి. అద్దె వస్తుంది, రాత్రివేళ ఒంట్లో బాగోకపోతే పిలిస్తే పలికే మనిషి ఉంటుంది. గది లేనివాడికి గది ఇవ్వడం పరదేశిని ఆదరించడమే (మత్తయి 25:35).

నాలుగవ దశ: ముసలితనం

ఒక మొదటి శుక్రవారం రోగులకు దివ్యసత్ప్రసాదం తీసుకువెళ్లినప్పుడు ఒక రెండంతస్తుల ఇంటికి వెళ్లాను. తల్లి మంచం మేడమెట్ల కింద ఉంది. తల ఎత్తితే మెట్టు తగులుతుంది. ఆమె నవ్వుతూనే అన్నది: "ఇల్లు పెద్దదే ఫాదరుగారూ, నాకే సోటు లేకపోనాది."

ఆ కొడుకు చెడ్డవాడు కాడు. మందులు తెస్తాడు, వేళకు అన్నం పెట్టిస్తాడు. కాని పడకగదులన్నీ మేడ మీద ఉన్నాయి, ఆమె మెట్లెక్కలేదు. కింద హాలు, రెండు దుకాణపు గదులు. మరుగుదొడ్డి పెరట్లో, మూడు మెట్లు దిగి వెళ్లాలి. ఇల్లు గీయించిన రోజున ఆ కాగితం మీద ఆమె లేదు. అంతే జరిగింది. దుర్మార్గం వల్ల కాదు, ఆలోచించకపోవడం వల్ల మన ఇళ్లలో ఎందరో తల్లిదండ్రులు మెట్ల కిందికి చేరుతున్నారు. మరికొందరు నెలకొక కొడుకు చొప్పున వంతుల మీద సంచి పట్టుకుని తిరుగుతున్నారు.

షూనేము ఊరి స్త్రీ ఎలీషా ప్రవక్త కోసం కట్టించిన గది ఎంత? మేడమీద ఒక చిన్న గది. అందులో మంచం, బల్ల, కుర్చీ, దీపం (2 రాజులు 4:8-10). నాలుగే వస్తువులు. కాని అవి ఎవరికోసమో ఆమెకు తెలుసు. ముసలివారి గది కూడా అలాగే మనిషిని చూసి కట్టాలి. వారికి మేడ వద్దు, నేల మీద ఉండాలి. మంచం నుండి మరుగుదొడ్డికి పది అడుగులు మించకూడదు, మధ్యలో గడప, మెట్టు ఉండకూడదు. గోడకు పట్టుకునే కడ్డీ, జారని గచ్చు, చేతికి అందే లైటు మీట కావాలి. వీధి కనిపించే కిటికీ ఉండాలి. ఒంటరితనానికి అది సగం మందు. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో డయాలసిస్‌కు తిరిగే వారున్న కుటుంబాలకు ఇలాంటి కింది గది ముసలితనం దాకా ఆగే అవసరం కాదు, ఈనాటి అవసరం.

కొత్త ఇల్లు కట్టేటప్పుడు డాబా చుట్టూ పిట్టగోడ కట్టాలని, లేకుంటే పడినవాడి రక్తదోషం ఇంటిమీదికి వస్తుందని ద్వితీయోపదేశకాండం (22:8) ఆజ్ఞాపించింది. ఇల్లు ఎలా కట్టాలన్నది కూడా దేవుని దృష్టిలో ధర్మానికి సంబంధించిన విషయమే సుమా! పొరుగువానిపట్ల ప్రేమ ఒక్కొక్కసారి పిట్టగోడగా, ఒక్కొక్కసారి మరుగుదొడ్డి పక్కన కడ్డీగా కనిపిస్తుంది.

4. అప్పు లెక్క

కొలత తప్పడానికి ముఖ్య కారణం అప్పు సులువుగా దొరకడం. ఒక ఉదాహరణ చూద్దాం. 9 శాతం వడ్డీకి 20 ఏళ్ల గడువుతో 10 లక్షలు తీసుకుంటే నెల వాయిదా సుమారు 9,000 రూపాయలు. మొత్తం కట్టేది 21 లక్షల 60 వేల దాకా. అదే 6 లక్షలకు ఆగితే వాయిదా సుమారు 5,400. తేడా నెలకు 3,600. ఒక గది ఎక్కువ కట్టినందుకు ఇరవై ఏళ్లపాటు ప్రతి నెలా ఆ 3,600 పిల్లల ఫీజులోంచో, అమ్మ మందుల్లోంచో తీయాలి. ఇక ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే లక్షకు నెలకు రెండు వేలు. ఎన్నాళ్లు కట్టినా అసలు అలాగే ఉంటుంది.

నలభై అయిదేళ్లవాడు ఇరవై ఏళ్ల అప్పు తీసుకుంటే అరవై అయిదు దాకా కట్టాలి. ఉద్యోగ విరమణ నాటికి తీరని అప్పు ఎంత ఇంటికి అవసరమో, అంత ఇల్లు మీకు పెద్దదే అని తెలుసుకోండి.

5. ఇల్లు ఎవరి పేర?

ఇల్లు సరిపోయినా, కాగితం తొందరపడితే ముసలితనంలో చోటు పోతుంది. సీరా జ్ఞానగ్రంథం 33వ అధ్యాయంలో ఒక కరుకైన సలహా ఉంది. ప్రాణం ఉన్నంతకాలం కొడుక్కిగాని, భార్యకుగాని, అన్నదమ్ములకుగాని, స్నేహితునికిగాని నీమీద అధికారం ఇవ్వవద్దు. ఆస్తిని ముందే ఇచ్చివేసి తరువాత అడుక్కోవద్దు. కడపటి దినాన పంచిపెట్టు అని దాని భావం. ఇది పిల్లల మీద అనుమానం కాదు, వారిని శోధనలో పడవేయకుండా కాపాడే వివేకం.

బ్రతికుండగానే రాసి ఇవ్వవలసి వస్తే, తల్లిదండ్రుల పోషణ, సంక్షేమ చట్టం (2007) లోని 23వ సెక్షను గుర్తుంచుకోండి. కనీస అవసరాలు చూసుకోవాలన్న షరతుతో ఆస్తి ఇచ్చినప్పుడు, తీసుకున్నవారు ఆ షరతు తప్పితే, ఆ బదిలీని రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను కోరవచ్చు. ఈ ట్రిబ్యునల్ ఆర్డీఓ స్థాయి అధికారి ఆధ్వర్యంలో ఉంటుంది. కాబట్టి ఆ షరతును, బ్రతికినంతకాలం ఆ ఇంట్లో నివసించే హక్కును దస్తావేజులోనే స్పష్టంగా రాయించుకోవాలి. భర్త పోయాక భార్యకు కూడా ఆ హక్కు ఉండేలా చూడాలి.

మరొక మాట. విల్లు రాయకుండా క్రైస్తవుడు మరణిస్తే, క్రైస్తవులకు సాధారణంగా వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం భార్యకు మూడోవంతు, మిగిలిన రెండు వంతులు పిల్లలకు సమానంగా వస్తాయి. కొడుకు, కూతురు అన్న తేడా లేదు. మన ఇళ్లలో వాటాలు గీసేటప్పుడు కొడుకులనే లెక్కపెట్టి, కూతుళ్లను సారెతో పంపేస్తున్నాం. అమ్మను చివరి రోజుల్లో చూసుకున్నది కూతురే అయినా సరే! ఇది న్యాయమా? ప్రభువు సన్నిధిలో ఆలోచించండి.

6. ఇంట్లో కూర్చుని చేయవలసిన పాఠం

వచ్చే ఆదివారం దివ్యబలిపూజ తరువాత కుటుంబమంతా కలిసి కూర్చోండి. ఒక కాగితం మీద మీ ఇంటి గదులు గీయండి. ఈ ప్రశ్నలకు జవాబులు రాయండి.

ఒకటి: ఈ రాత్రి ఎవరు ఎక్కడ పడుకుంటారు? పదేళ్ల తరువాత ఎవరు ఎక్కడ పడుకుంటారు?

రెండు: మన ఇంట్లో అందరికంటే బలహీనమైన మనిషి ఎవరు? ఆ మనిషి చీకట్లో ఒంటరిగా మరుగుదొడ్డికి వెళ్లిరాగలరా?

మూడు: గత ఏడాదిలో నెలరోజులైనా వాడని గది ఉందా? దానిలో ఎవరికైనా చోటు ఇవ్వగలమా?

నాలుగు: కట్టబోయే గది మన అవసరమా, ఎదురింటి వారికి జవాబా?

అయిదు: అందరం ఒకేచోట మోకరించి ప్రార్థించేంత జాగా ఉందా? ఉంటే, ఎన్నాళ్లయింది అక్కడ మోకరించి?

రెండో ప్రశ్నకు జవాబు లేదని వస్తే, ఇంకో గది కట్టే ఆలోచన ఆపి ముందు ఆ పని చేయండి. గోడకు ఒక కడ్డీ, ఒక లైటు, మెట్టు బదులు ఒక వాలు. కొద్ది వేల రూపాయలతో, మేస్త్రీకి రెండు మూడు రోజుల పనితో అయిపోతుంది.

శిలువ మీద నుండి ప్రభువు తన తల్లిని ప్రియశిష్యునికి అప్పగించాడు. ఆ గడియనుండి శిష్యుడు ఆమెను తన ఇంటికి చేర్చుకున్నాడు (యోహాను 19:27). అతని ఇంట్లో ఎన్ని గదులున్నాయో సువిశేషకుడు రాయలేదు. మరియతల్లికి చోటు దొరికింది. అది మాత్రం రాశాడు. మన ఇళ్ల గురించి కూడా రేపు ప్రభువు అడిగేది ఆ ఒక్క సంగతే. నజరేతులో తిరుకుటుంబాన్ని పోషించిన జోజప్పగారు మీ గృహాలను కాపాడునుగాక!